సిగ్గుపడని సినిమా

1994 క్రిస్మస్‌కి ఒకటి, ఎనిమిది నెలలు తిరక్కుండానే 1995 ఆగస్టులో ఇంకొకటి, హాలీవుడ్ నుంచి రెండు ఫైటింగ్ సినిమాలు వచ్చాయి. రెండూ వీడియో గేముల మీద తీసినవే. రెండింటి షూటింగూ కొంత థాయ్‌లాండ్‌లో జరిగింది. మొదటిది 'స్ట్రీట్ ఫైటర్'. దాని బడ్జెట్ 3.5 కోట్ల డాలర్లు, హీరో జాన్ క్లాడ్ వాన్ డామ్, విలన్‌గా రౌల్ జూలియా లాంటి రంగస్థల దిగ్గజం. రెండోది 'మోర్టల్ కాంబాట్'. ఖర్చు అటూ ఇటుగా 2 కోట్ల డాలర్లు. డైరెక్టర్ పాల్ ఆండర్సన్‌కి అది రెండో సినిమా. నటుల్లో జనానికి బాగా తెలిసిన మొహం క్రిస్టఫర్ లాంబర్ట్ ఒక్కడిదే. డబ్బు లెక్కన చూస్తే రెండూ నష్టపోలేదు. స్ట్రీట్ ఫైటర్‌కి ప్రపంచమంతా కలిపి 10 కోట్ల డాలర్లకు కాస్త తక్కువొస్తే, మోర్టల్ కాంబాట్ 12 కోట్లు దాటింది, అమెరికాలో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. కానీ ముప్పై ఏళ్ల తర్వాత ఈ రెండింటినీ వరసగా వేసుకుని చూస్తే తేడా డబ్బులో లేదని తెలిసిపోతుంది. మొదటి సినిమా తను ఎక్కడి నుంచి వచ్చిందో దాచుకోవాలని నానా తంటాలూ పడుతుంది. రెండోదానికి ఆ బాధ లేదు. ఆట మీద తీసిన సినిమా చెడిపోయేది తెలివితక్కువగా ఉన్నందుకు కాదు, తన పుట్టుక గురించి సిగ్గుపడినందుకు. నా వాదన అంతవరకే.

ఫైటింగ్ గేమ్‌లో కథేముంటుంది అంటారు. కథ లేకపోవచ్చు గానీ కట్టుదిట్టమైన పద్ధతి ఒకటి ఉంటుంది. తెర మీద ఇద్దరే. పైన ఇద్దరి ప్రాణాలూ రెండు పట్టీలుగా కనబడుతుంటాయి, దెబ్బ పడ్డప్పుడల్లా తరిగిపోతుంటాయి. వెనకాల ఒక గుడో, వంతెనో, రేవో. ప్రతి పాత్రకీ ఒక రంగు, నిలబడే తీరు, తనకే సొంతమైన ఒక దెబ్బ, గెలిచాక పెట్టే ఫోజు. మనిషి మనసులో ఏముందో తవ్వి తీయాల్సిన పని లేదు, ఉన్నదంతా వేషంలోనే ఉంది. వీధినాటకమో కూచిపూడి కలాపమో చూసినవాళ్లకి ఇది వింతగా తోచదు. అటూ ఇటూ ఇద్దరు తెర పట్టుకుంటారు, తెర మీదుగా ముందు జడ కనబడుతుంది, తర్వాత ప్రవేశ దరువులో సత్యభామ తనెవరో తనే చెప్పుకుంటుంది. ఆవిడ స్వభావం కొంచెం కొంచెంగా బయటపడాలని అక్కడెవరూ కాచుకుని కూర్చోరు. వచ్చీ రాగానే ఆవిడ పూర్తిగా వచ్చేస్తుంది. ఇక చూడాల్సిందల్లా ఆవిడ ఏం చేస్తుందన్నదీ, ఎంత దిట్టంగా చేస్తుందన్నదీ. పాత్రలో 'లోతు' లేదని ఆ కళను ఎవరూ తక్కువ చేయరు. ఆటను సినిమాగా తీసేవాళ్లకి మాత్రం ఈ లోతు బెంగ మొదటి రోజు నుంచే పట్టుకుంటుంది.

అసలు ఈ ఆటలే సినిమాల నుంచి పుట్టాయన్న సంగతి ఆ బెంగలో మరుగున పడిపోతుంది. 1992లో మిడ్‌వే కంపెనీలో ఎడ్ బూన్, జాన్ టోబయస్ 'మోర్టల్ కాంబాట్' తయారు చేసేటప్పుడు మొదట అనుకున్నది వాన్ డామ్‌ని పెట్టి ఆట తీద్దామని. అది కుదరలేదు. నటుల్ని కెమెరా ముందు నిలబెట్టి, వాళ్ల బొమ్మల్నే ఆటలోకి ఎక్కించారు. వాన్ డామ్ స్థానంలో జానీ కేజ్ అనే సినిమా హీరో పాత్ర పుట్టింది. ఇంగ్లీషులో పేరు పొడి అక్షరాలూ అవే, కాళ్లు రెండూ బార్లా చాపి కూలబడి ఎదుటివాడి ఆయువుపట్టు మీద గుద్దే దెబ్బ కూడా వాన్ డామ్ 'బ్లడ్‌స్పోర్ట్' నుంచి ఎత్తిందే. మాంత్రికుడి ద్వీపంలో పోటీ, అక్కడికి పడవలో వెళ్లే యోధులు, ఇదంతా బ్రూస్ లీ 'ఎంటర్ ది డ్రాగన్' చలవ. మెరుపుల దేవుడు రైడెన్ తలమీద వెడల్పాటి టోపీ జాన్ కార్పెంటర్ 1986లో తీసిన 'బిగ్ ట్రబుల్ ఇన్ లిటిల్ చైనా'లో చూసిందే. వెండితెర మీద చూసినవాటిని పిల్లలు నాణెం వేసి ఆడుకునేలా చేశారు, అంతే. కాబట్టి దాన్ని మళ్లీ సినిమాగా తీయడానికి కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు. తమాషా ఏమిటంటే, తన పోలికతో పుట్టిన ఆటను వదిలేసిన వాన్ డామ్ వెళ్లి దాని పోటీదారు సినిమాలో హీరో అయ్యాడు.

ఆ పోటీదారు సంగతి చూద్దాం. కాప్‌కామ్ వాళ్ల 'స్ట్రీట్ ఫైటర్ 2' ఆటలో దేశదేశాల యోధులు ఒకరితో ఒకరు తలపడతారు, అదే దాని ప్రాణం. సినిమా రాసి తీసిన స్టీవెన్ డి సౌజా ఆ పోటీని పూర్తిగా ఎత్తేశాడు. దాని బదులు ఒక ఊహా దేశం, ఒక నియంత, బందీలు, వాళ్లని విడిపించే అంతర్జాతీయ సైన్యం. ఆటలో మధ్యమణి లాంటి ర్యూ, అతని నేస్తం కెన్, ఇద్దరూ బొమ్మ తుపాకులు అంటగట్టే చిల్లర మోసగాళ్లయ్యారు. అమెరికన్ కర్నల్ గైల్ హీరో అయ్యాడు, అదీ వాన్ డామ్ బెల్జియం యాసలో. ఈ సినిమాలో ఒక ఘట్టం నా వాదనకి నేను కోరుకున్నా దొరకనంత మంచి సాక్ష్యం. ఇనప బోను చుట్టూ జనం కేకలు వేస్తుంటారు. ముసుగు పెట్టుకుని, చేతికి ఇనప గోళ్లు తొడుక్కుని వేగా అనే యోధుడు లోపలికి వస్తాడు. ఎదురుగా ర్యూ. ఆటలో ఉన్న ఒంటికి ఒంటి పోరు, ఆ ప్రవేశం, ఆ ఆర్భాటం అచ్చం అలాగే అమరింది. ఒక్క దెబ్బ పడేలోగా గోడ బద్దలు కొట్టుకుని గైల్ సైనిక వాహనంలో దూసుకొచ్చి అందర్నీ అరెస్టు చేసేస్తాడు. చేతిలోకి వచ్చిన ఫైటును ఆపేసి దాని మీదుగా యుద్ధవాహనం నడిపించడం కన్నా స్పష్టంగా సినిమా తన సిగ్గును ఒప్పుకోగలదా?

అదే సినిమాలో సిగ్గుపడని మనిషి ఒకడున్నాడు. షేక్‌స్పియర్ నాటకాల్లో పేరు మోసిన రౌల్ జూలియా అప్పటికే క్యాన్సర్‌తో చిక్కి సగమైపోయాడు. తన పిల్లలకి ఆ ఆటంటే ఇష్టమని ఒప్పుకున్న సినిమా ఇది. 1994 అక్టోబరులో, సినిమా విడుదలకు రెండు నెలల ముందు, ఆయన పోయాడు. నియంత బైసన్ వేషంలో ఆయన చేసింది ఒక్క సీను చూసినా చాలు. చున్‌లీ అనే పాత్ర తన ఊరి మీద బైసన్ మనుషులు పడ్డ రోజునీ, తండ్రి ఎదురు నిలిచి చచ్చిపోయిన తీరునీ గొంతు పూడుకుపోతుంటే చెబుతుంది. ఎర్ర కోటు తొడుక్కుని గదిలో తాపీగా తిరుగుతున్న బైసన్ అంతా విని, క్షమించు, నాకేమీ గుర్తులేదు అంటాడు. నీ ఊరికి నేనొచ్చిన రోజు నీ బతుకులో అన్నిటికన్నా పెద్ద రోజు, నాకు మాత్రం అదొక మంగళవారం. ఎంత పెద్ద నాటకంలోనైనా విలన్‌కి ఇంతకన్నా కర్కశమైన మాట రాయడం కష్టం. జూలియా దాన్ని వెటకారంగా పలకడు, కళ్లెగరేసి ప్రేక్షకుల వంక చూడడు. రాజు పాత్రకి ఎంత శ్వాస పెడతాడో దీనికీ అంతే పెట్టాడు. తన మొహం అచ్చేసిన డాలర్లు, తన పేర కట్టబోయే నగరం, అందులో ఫుడ్ కోర్టు ఎక్కడుండాలన్న చర్చ, అన్నీ అంతే నిష్ఠతో చేశాడు. ఆయన కనబడినంతసేపూ సినిమా బతుకుతుంది, పక్కకి తప్పుకోగానే కూలబడుతుంది. ఒకే స్క్రిప్టు, అదే సెట్లు, అవే దుస్తులు. మారింది నటుడి వైఖరి ఒక్కటే.

మోర్టల్ కాంబాట్‌లో ఆ వైఖరి సినిమా అంతటా పరుచుకుని ఉంటుంది. కంపెనీ గుర్తు తెర మీద ఉండగానే పేరు పొలికేకగా వినబడుతుంది, టెక్నో దరువు మొదలవుతుంది. ఆ కేక 1993లో ఆట టీవీ ప్రకటన కోసం పుట్టింది, ఆ దరువు 1994లో ఆట పేరు మీద వచ్చిన పాటల ఆల్బమ్‌లోది. ప్రకటనలోని అరుపును సినిమాకి మంగళవాద్యంగా వాడుకోవడానికి పెద్దమనిషి తరహా దర్శకుడెవడైనా జంకుతాడు. ఆండర్సన్ జంకలేదు. కథ మూడు ముక్కల్లో చెప్పొచ్చు. పరలోకపు సేనలు వరసగా పది పోటీలు గెలిస్తే భూలోకాన్ని ఆక్రమించుకోవచ్చు. తొమ్మిది గెలిచాయి. పదో దానికి లియు కాంగ్, జానీ కేజ్, సోన్యా అనే ముగ్గురు మనుషులు పడవెక్కుతారు. దీనికి రాజకీయాలు అద్దలేదు, సైన్యాన్ని తేలేదు. ఆటలో తెర వెనక నుంచి వినిపించే వ్యాఖ్యాత మాటల్ని మాంత్రికుడు షాంగ్ త్సుంగ్ నోట పెట్టారు. ఆ వేషం వేసిన కేరీ హిరోయుకి తగావా ఒక్కో మాటనీ నమిలి, చప్పరించి, నెమ్మదిగా వదులుతాడు. పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుణ్ణి తలుచుకునే మన ప్రేక్షకులకు ఆ రుచి కొత్త కాదు. మాంత్రికుడనేవాడు ఎందుకు మాంత్రికుడయ్యాడో చెప్పనక్కర్లేదు, ఆ పని ఆనందంగా చేస్తే చాలు.

జానీ కేజ్‌కీ ముసుగు యోధుడు స్కార్పియన్‌కీ జరిగే పోరు దగ్గర కాసేపు ఆగాలి. సన్నటి చెట్లు బారులు తీరిన తోటలో ఇద్దరే ఉంటారు. స్కార్పియన్ అరచేయి చీలి, అందులోంచి పాములాంటి ఈటె ప్రాణంతో బయటికొచ్చి చెట్ల మధ్య కేజ్‌ని తరుముతుంది. ఆటలో అది తాడు కట్టిన ఉత్త కత్తి. ఒక్క తన్నుతో చోటు మారిపోతుంది. ఇప్పుడు పాతాళం లాంటి గుహ, కర్రల మంచెలు, ఎముకలు. వాటి మీద ఎక్కుతూ పడుతూ కొట్టుకుంటారు. చివరికి స్కార్పియన్ ముసుగు లాగేస్తే అడుగున పుర్రె, నోటి నుంచి మంటలు. కేజ్ అక్కడున్న డాలు అందుకుని పని ముగించి పేల్చేస్తాడు. కాలుతున్న తునకల పక్కన గాలిలో తేలుతూ ఒక ఫొటో వచ్చి పడుతుంది, నా వీరాభిమానికి అని రాసి సంతకం పెట్టిన కేజ్ ఫొటో. రెండో ఆటలో కేజ్ ఎదుటివాణ్ణి చంపకుండా వదిలేసి ఇచ్చే బహుమతి అది. ఆట ఆడినవాడికి అదొక కానుక, ఆడనివాడికి పొగరుబోతు హీరో గురించి పది పేజీల సంభాషణ. ప్రివ్యూ చూసినవాళ్లు ఫైట్లు చాలలేదనడంతో మళ్లీ డబ్బు పెట్టి తీసిన వాటిలో లియు కాంగ్, రెప్టైల్ పోరు ఒకటి. దాన్ని కూర్చినవాడు లియు కాంగ్ వేషం వేసిన రాబిన్ షౌ. హాంకాంగ్‌లో పుట్టి, అక్కడి యాక్షన్ సినిమాల్లో నలిగిన మనిషి. అందుకే ఆ ఫైటులో కెమెరా నిలువెత్తు మనిషిని తల నుంచి పాదం దాకా చూపిస్తుంది, ఏ కాలు ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. 'మేట్రిక్స్' ఇదే విద్యను హాలీవుడ్‌కి నేర్పిందని అంతా అంటారు గానీ, అది వచ్చింది ఇంకో నాలుగేళ్ల తర్వాత.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. మోర్టల్ కాంబాట్‌కి ఆ పేరొచ్చిందే నెత్తురు వల్ల కదా, గుండె పెరికేయడం, తలతో పాటు వెన్నెముక పీకేయడం లాంటివి చూసే కదా 1993 డిసెంబరులో అమెరికా సెనేట్ విచారణ పెట్టింది, మరుసటి ఏడాదే ఆటలకు వయసు రేటింగులు వచ్చాయి కదా, అలాంటిది పిల్లలు కూడా చూసేలా పీజీ-13 సర్టిఫికెట్‌తో నెత్తురు చుక్క లేకుండా తీస్తే అది సిగ్గుపడటం కాదా అని. వ్యాపారం కోసమే అలా తీశారన్నది నిజం, దాన్ని కప్పిపుచ్చనవసరం లేదు. కానీ ఆటకి నెత్తురు ముగింపు మాత్రమే, పద్ధతి వేరే. ఆ ముగింపు రావడానికి ముందు రెండు రౌండ్లు గెలవాలి. ఇంట్లో ఆడుకునే నింటెండో వెర్షన్‌లో నెత్తురు తీసేసి బూడిదరంగు చెమట పెట్టారు. దాన్ని వెక్కిరించనివాడు లేడు, అయినా ఆట ఆటలాగే నిలబడింది. సినిమా కూడా చావుల్ని వదిలిపెట్టలేదు, వాటికి ఉపాయం వెతికింది. మంచు యోధుడు సబ్ జీరో చుట్టూ ఉన్నదంతా గడ్డకట్టించేస్తుంటే లియు కాంగ్ బకెట్టు నీళ్లు అతని మీదికి విసురుతాడు. ఆ నీళ్లే గాలిలో మంచు శూలమై వాణ్ణి గుచ్చేస్తాయి. చుక్క నెత్తురు లేదు, అయినా ఆట రాసినవాళ్లు చూసి అసూయపడే చావు అది.

ఇంకో రకం వాళ్లు అభ్యంతరం చెప్పరు, మెచ్చుకుంటారు. ఎంత దరిద్రంగా ఉందో, అందుకే నాకిష్టం అంటారు. ఈ మెప్పు నాకు తిట్టు కన్నా ఎక్కువ చికాకు కలిగిస్తుంది. ఇందులో చూసేవాడు సినిమా కన్నా ఒక మెట్టు పైన కూర్చుంటాడు, సినిమాకి తెలియనిదేదో తనకి తెలుసనుకుంటాడు. మోర్టల్ కాంబాట్‌కి తన సంగతి బాగానే తెలుసు. లాంబర్ట్ వేసిన రైడెన్, కోట్లమంది ప్రాణాలు మీ మీదే ఆధారపడి ఉన్నాయని గంభీరంగా చెప్పి, తనలో తనే కిసుక్కున నవ్వి, సారీ అంటాడు. ఆ నవ్వు సినిమా లోపలిది, సినిమా మీద వేసింది కాదు. దేవుడికి మనుషుల కంగారు తమాషాగా ఉంది, అంతే. నటన కొయ్యబారి ఉందంటారా, బ్రిడ్జెట్ విల్సన్ సోన్యా విషయంలో ఒప్పుకుంటాను. నాలుగు చేతుల గోరో బొమ్మ కదలికలు ఈ రోజు చూస్తే మరీ నింపాదిగా ఉంటాయి. రెప్టైల్ బల్లి రూపంలో ఉన్నప్పుడు కంప్యూటర్ గ్రాఫిక్స్ తేలిపోతాయి. కానీ విఠలాచార్య సినిమాల్లో దారాలు కనబడ్డా ప్రేక్షకుడు లేచి వెళ్లలేదు. తక్కువ డబ్బుతో ఏ చోట ఎంత అద్భుతం చూపించాలో తెలిసిన పనితనాన్ని లోపాలతో కలిపి చూడటమే న్యాయం, లోపాల వల్ల చూడటం కాదు.

నా వాదనని నిజంగా ఇరుకున పెట్టేది మోర్టల్ కాంబాట్ రెండో భాగమే. 1997లో వచ్చిన 'అనైహిలేషన్'కి సిగ్గన్నది ఏ కోశానా లేదు. ఆట నుంచి డజనుకు పైగా పాత్రల్ని దించింది, రంగులు, ముసుగులు, గుర్రపు ఒళ్లు మనుషులు, అన్నీ తెచ్చింది. 3 కోట్ల డాలర్లు పెడితే 5 కోట్ల పైచిలుకు వచ్చాయి, మొదటిదాంతో పోలిస్తే అది పరాజయమే, చూడటానికి అంతకన్నా ఘోరం. సిగ్గు లేకపోతే సినిమా బాగుంటుందన్నావుగా, ఇదేమిటి మరి అని అడగొచ్చు. కానీ ఆ సినిమా తెచ్చుకున్నది ఆటలోని పేర్లు మాత్రమే, పద్ధతిని కాదు. పోటీ లేదు. వచ్చినవాడు ఎవడో తెలిసేలోగా వెళ్లిపోతాడు. నాలుగు చేతుల షీవా అంత ఆర్భాటంగా వచ్చి, ఒక్కసారైనా సరిగ్గా తలపడకుండానే మీద బోను పడి చచ్చిపోతుంది. ప్రవేశముంది, ఆ తర్వాత ఆట లేదు. జానీ కేజ్‌ని మొదటి సీన్లోనే చంపేశారు. మొదటి సినిమా నటుల్లో అవే వేషాల్లో తిరిగొచ్చింది రాబిన్ షౌ, టలీసా సోటో ఇద్దరే. కాబట్టి నా మాటని కొంచెం సవరించుకోవాలి. సిగ్గుపడకపోవడం ఒక్కటే చాలదు, ఏది చూసి సిగ్గుపడటం లేదో అదేమిటో అర్థమై ఉండాలి.

ఆసియా సంస్కృతుల్ని కలగాపులగం చేశారన్న ఆరోపణ ఇంకొకటి, అది పూర్తిగా నిజం. జపాన్ మెరుపు దేవుడి వేషం న్యూయార్క్‌లో పుట్టిన ఫ్రెంచి నటుడికిచ్చారు, చైనా మాంత్రికుడి వేషం టోక్యోలో పుట్టిన తగావాకిచ్చారు, వెనకాల థాయ్‌లాండ్‌లోని అయుత్తయ బౌద్ధ శిథిలాలు పెట్టారు. దుర్మార్గుడైన తూర్పుదేశపు మాంత్రికుడనే మూస హాలీవుడ్‌లో ఫూ మాంచు కాలం నాటిది. దీన్ని సమర్థించే పనిలేదు. అయితే అదే ఆరోపణ చేసేటప్పుడు ఒక సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆటలో ముఖ్యుడు లియు కాంగ్ కాబట్టి సినిమాలోనూ అతనే ముఖ్యుడు. 1995లో అమెరికా వేసవి సినిమాలో ఒక హాంకాంగ్ నటుడు నవ్వులపాత్రగానో పక్కవాడిగానో కాక హీరోగా నిలబడి చివరి ఫైటు తనే గెలిచాడు. సిగ్గుపడ్డ స్ట్రీట్ ఫైటర్ జపాన్ వీరుడు ర్యూని పక్కకి నెట్టి అమెరికన్ కర్నల్‌ని తెచ్చుకుందన్నది ఇందాకే చూశాం. ఆటకి కట్టుబడటం వల్ల ఈ ఒక్క విషయంలో మేలే జరిగింది. ఆట కూడా సినిమాకి రుణం తీర్చుకుంది. సినిమాలో కేనో అనే పాత్ర వేసిన ట్రెవర్ గాడార్డ్ యాస విని, తర్వాతి ఆటల్లో కేనోని ఆస్ట్రేలియా వాడిగా మార్చేశారు. 2019లో వచ్చిన పదకొండో ఆటలో షాంగ్ త్సుంగ్‌కి తగావా మొహాన్నీ గొంతునీ పెట్టుకున్నారు.

2021లో సైమన్ మెక్వాయిడ్ తీసిన కొత్త 'మోర్టల్ కాంబాట్' ఈ చర్చకి దానంతటదే వచ్చి చేరిన ప్రయోగం. బడ్జెట్ 5.5 కోట్ల డాలర్లు. పెద్దల సర్టిఫికెట్ తీసుకుని, నెత్తురంతా తిరిగి తెచ్చారు. ఆట ఆడేవాళ్లు ఎన్నాళ్లుగానో అడుగుతున్నది అదే. పాతకాలపు జపాన్‌లో హిరోయుకి సనాడా, జో తస్లిమ్ తలపడే మొదటి ఘట్టం చూస్తే ఈసారి గురి కుదిరిందనిపిస్తుంది. తర్వాత మొదలవుతుంది సంజాయిషీ. మంటలు ఎలా వస్తాయి, మెరుపు ఎందుకు పుడుతుంది, వీళ్లే ఎందుకు, ఒంటి మీద ఆ పుట్టుమచ్చ ఏమిటి, అన్నిటికీ జవాబులు చెబుతారు. ఆటలో లేని కోల్ యంగ్ అనే కొత్త హీరోని తెచ్చి, అతనికో కుటుంబాన్నీ, ఒక ఆత్మశోధననీ ఇచ్చారు. అన్నిటికన్నా విచిత్రం, పోటీ గురించి సినిమా అంతా మాట్లాడుకుంటారు గానీ పోటీ జరగదు, అది తర్వాతి భాగానికట. నెత్తురు తిరిగొచ్చింది, బరి మాయమైంది. జానీ కేజ్ కూడా లేడు, అతన్ని పక్కన పెట్టేశారు. దాదాపు రెండు గంటల తర్వాత, ఆఖరి సీన్లో, కోల్ యంగ్ సామాను సర్దుకుని హాలీవుడ్‌కి ప్రయాణం కడతాడు. పక్కనే గోడ మీద కేజ్ సినిమా పోస్టర్. తీసుకురావాల్సింది ఎవరినో సినిమాకి అప్పటికి తెలిసొచ్చింది.